గ్రహాల వరుసకి భూకంపం వస్తుందన్న మెసేజ్‌ని మీరే ఎలా పరీక్షించాలి

గ్రహణం దగ్గరపడినా, ఒకే రాశిలోకి నాలుగు గ్రహాలు చేరినా నాకు ఫోన్లు మొదలవుతాయి. "మాస్టారూ, ఇరవయ్యో తారీకున గ్రహాలన్నీ ఒకే వరుసలోకి వస్తాయట. పెద్ద భూకంపం వస్తుందట. విశాఖ హాస్టల్లో ఉన్న పిల్లని తెచ్చేసుకోమంటారా?" సోంపేట నుంచి అయినా, రాజాం నుంచి అయినా, బొబ్బిలి నుంచి అయినా అడిగేది ఇదే. "ఏమీ కాదమ్మా, పడుకోండి" అంటే ఆ రాత్రికి సరిపోతుంది. వచ్చే నెల ఇంకో మెసేజ్ వస్తుంది, మళ్లీ టెన్షన్ మొదలు. అందుకే మెసేజ్ వచ్చిన ప్రతిసారీ మీ అంతట మీరే పరీక్షించుకునే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. లెక్కల్లో కూడిక, భాగహారం వస్తే చాలు.

మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు ఇలాంటి మాట వినగానే భయపడటంలో తప్పేమీ లేదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ మన మీదుగానే పోయాయి. రెండిటికీ ముందే హెచ్చరిక వచ్చింది. తుఫాను సంగతి ముందే చెప్పగలిగినప్పుడు భూకంపం సంగతి కూడా ఎవరో ఒకరికి తెలిసే ఉంటుందనుకుంటాం. వాయుగుండం సముద్రం మీద పుట్టి రోజుల తరబడి నడిచి వస్తుంది, ఉపగ్రహానికి కనబడుతుంది. నేల లోపల కిలోమీటర్ల లోతున బిగిసి ఉన్న రాతిపొర ఏ రోజు జారుతుందో చూపించే సాధనం ఇప్పటికి ఎవరి దగ్గరా లేదు. పెద్ద భూకంపాన్ని తాము గానీ ఇంకే శాస్త్రవేత్తలు గానీ ఎన్నడూ ముందుగా చెప్పలేదని అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్సే అంటోంది.

కావలసినవి

- ఒక నోటుబుక్కు, పెన్ను. పెన్సిల్ వద్దు. ఎందుకో నాలుగో మెట్టు దగ్గర చెబుతాను.
- ఇంటర్నెట్ ఉన్న ఫోన్.
- ఈ ఏటి పంచాంగం. పాతవి దాచి ఉంటే అవి కూడా తీయండి, చాలా ఉపయోగపడతాయి.
- ఆకాశాన్ని చూపించే యాప్ ఏదైనా. స్టెల్లారియం మంచిది.
- చీటీలు వేయడానికి కాగితం ముక్కలు, ఒక గిన్నె.
- ఇంట్లో ఇంకొకరు. పిల్లలైతే మరీ మంచిది, వాళ్లు లెక్కలో మొహమాటపడరు.

పాత తేదీల మీద పరీక్ష చేస్తే ఒక సాయంత్రంలో అయిపోతుంది. రాబోయే తేదీ మీద అయితే ఆ గడువు ముగిసేదాకా ఆగాలి.

మెట్లు

1. మెసేజ్‌ని ఉన్నది ఉన్నట్టుగా రాసుకోండి. మీ మాటల్లోకి మార్చొద్దు. ఏ రోజు, ఏ గంటకి వచ్చిందో పక్కన వేయండి, స్క్రీన్‌షాట్ కూడా తీసి పెట్టండి. "ముందే చెప్పాడు" అని తిరిగేవాటిలో భూకంపం జరిగాక వచ్చినవి బోలెడు ఉంటాయి. పాత వీడియోకి కొత్త తేదీ తగిలించినవీ ఉంటాయి. మీ దగ్గరికి వచ్చిన సమయం ఒక్కటే మీరు గట్టిగా చెప్పగలిగేది.

2. అయిదు ఖాళీలు పూరించండి. ఏ గ్రహాలు? ఏ రోజు నుంచి ఏ రోజు దాకా? ఎక్కడ? ఎంత పరిమాణం? జరగకపోతే ఏమంటారు? ఈ అయిదింటికీ మెసేజ్‌లోనే జవాబు దొరకాలి. "ఈ నెలలో", "ఆసియాలో", "భారీగా" లాంటివి జవాబులు కావు.

ఎక్కువ మెసేజ్‌లు ఇక్కడే ఆగిపోతాయి. 2023 ఫిబ్రవరి 6న తుర్కియేలో 7.8 పరిమాణంతో భూకంపం వచ్చి వేలాది మంది పోయారు. మూడు రోజుల ముందు నెదర్లాండ్స్‌కు చెందిన ఒకాయన ట్విటర్‌లో ఆ ప్రాంతం పేరు, దాదాపు 7.5 అన్న పరిమాణం రాసి పెట్టాడు. ఆ పోస్టు మన గ్రూపుల్లోకి కూడా వచ్చింది. అందులో మొదటి మాట చూడండి: ఇవాళో రేపో, ఎప్పటికైనా వస్తుందని. గడువు లేదు. ఆ ప్రాంతం పెద్ద పగుళ్ల మీద ఉందని, ఎప్పటికైనా పెద్దది రావచ్చని భూగర్భ శాస్త్రవేత్తలు ఏళ్లుగా చెబుతున్నదే. మూడు రోజుల్లో రావడం వల్ల ఆ మాట జోస్యంలా కనబడింది. ముప్పై ఏళ్లకి వచ్చినా తప్పయ్యేది కాదు. ఖాళీలు పూరించి చూస్తే ఈ తేడా వెంటనే తేలుతుంది.

అయిదింటిలో ఏ ఒక్కటి నిండకపోయినా "పరీక్షకు నిలవదు" అని రాసి పేజీ మూసేయండి. మీ పని అయిపోయింది.

3. గ్రహాలు నిజంగా ఆ చోట ఉన్నాయో లేదో చూడండి. "వరుస" అన్న మాటని మెసేజ్‌లలో మూడు రకాలుగా వాడేస్తున్నారు. ఒకటి, సాయంత్రం ఆకాశంలో చాలా గ్రహాలు ఒకేసారి కనబడటం. 2025 జనవరి, ఫిబ్రవరిలలో అదే జరిగింది. అప్పుడు అవి పడమటి నుంచి తూర్పు దాకా సగం ఆకాశం మీద పరుచుకుని ఉన్నాయి. సూర్యుడి చుట్టూ అవి తిరిగే దారులన్నీ దాదాపు ఒకే తలంలో ఉంటాయి కాబట్టి మనకి ఎప్పుడు చూసినా ఒక గీత మీదే కనబడతాయి. రెండోది, ఒకే రాశిలో చేరడం. రాశి అంటే 30 డిగ్రీలు, ఆ వెడల్పులో ఎక్కడున్నా కూటమే. మూడోది, రెండు గ్రహాలు నిజంగా పక్కపక్కకి రావడం.

పంచాంగంలో ఆ పక్షం పేజీ తీయండి. పన్నెండు గళ్ల చక్రంలో ర, చం, కు, బు, గు, శు, శ, రా, కే అని అక్షరాలు ఉంటాయి. మెసేజ్‌లో చెప్పిన గడిలో చెప్పిన అక్షరాలు ఉన్నాయా? ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోండి. బుధుడు సూర్యుడికి 28 డిగ్రీలకు మించి దూరం పోడు, శుక్రుడు 47 డిగ్రీలు దాటడు. కాబట్టి ర పక్కన బు, శు ఉండటం వింతేమీ కాదు, చంద్రుడేమో నెలకొకసారి ఆ గడిలోకి వచ్చి పోతాడు. మూడు నాలుగు గ్రహాల కూటమి మనం అనుకున్నంత అరుదు కాదన్నమాట. రెండో సంగతి, రాహుకేతువులు చంద్రుడి దారి, సూర్యుడి దారి ఖండించుకునే బిందువులు. గ్రహణాల లెక్కకి అవి చాలా ముఖ్యం, మన పెద్దలు వాటిని గొప్పగా లెక్కగట్టారు. కానీ అక్కడ రాయీ లేదు, బరువూ లేదు. "గురుత్వాకర్షణ వల్ల" అని మొదలుపెట్టి ఆరు గ్రహాల్లో రాహువుని కూడా కలిపి లెక్కేసిన మెసేజ్ తనని తానే కొట్టేసుకుంటోంది.

4. నియమం ముందే రాసి సంతకం పెట్టండి. పరీక్ష మొత్తానికీ ప్రాణం ఈ మెట్టే. "కూటమి రోజుకి అటు మూడు రోజులు, ఇటు మూడు రోజులు, మొత్తం ఏడు రోజులు. ప్రపంచంలో ఎక్కడైనా 7 గానీ అంతకు మించి గానీ పరిమాణం" అని రాస్తే అదే మీ నియమం. జాబితా తెరిచాక దీన్ని మార్చకూడదు. ఏడు రోజుల్లో దొరకలేదని పది రోజులకి పెంచడం, 7 లేదని 6.5కి దించడం చేస్తే ఎవరైనా గెలుస్తారు. పెన్నుతో రాయమన్నది ఇందుకే.

5. భూకంపాల జాబితా తెరవండి. ఫోన్లో "యూఎస్‌జీఎస్ ఎర్త్‌క్వేక్ కేటలాగ్" అని వెతికితే సెర్చ్ పేజీ వస్తుంది. మాగ్నిట్యూడ్ దగ్గర కస్టమ్ నొక్కి కనిష్ఠం 7 వేయండి. తేదీల దగ్గర కూడా కస్టమ్ నొక్కి మొదలు, చివర ఇవ్వండి. ప్రాంతం వరల్డ్ ఉంచి సెర్చ్ నొక్కండి. ఒక్కో వరుసలో పరిమాణం, దగ్గరి ఊరు, సమయం, లోతు ఉంటాయి. మన దేశంలోని చిన్న ప్రకంపనలు కూడా కావాలంటే ఢిల్లీలోని జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రం వెబ్‌సైట్ గానీ, వాళ్ల భూకంప్ యాప్ గానీ చూడండి.

ఫోన్లో ఈ పని చేయలేకపోతే మీ ఊరి హైస్కూల్లో సైన్సు మాస్టారినో, డిగ్రీ చదివే పిల్లలనో అడగండి. ఒక్కసారి చూపిస్తే వచ్చేస్తుంది.

6. సమయం మార్చండి. ఆ జాబితాలో గ్రీనిచ్ లెక్కన సమయం ఉంటుంది. దానికి అయిదున్నర గంటలు కలిపితే మన సమయం. లాతూరు భూకంపం మనకి 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున నాలుగు కావస్తుండగా వచ్చింది. జాబితాలో మాత్రం సెప్టెంబర్ 29, రాత్రి 10 గంటల 25 నిమిషాలు అని ఉంటుంది. తిథితో పోల్చేటప్పుడు ఈ ఒక్క రోజు తేడాతో లెక్క అంతా తారుమారవుతుంది. పైగా పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, అర్ధరాత్రితో కాదు. తెల్లవారుజామువి అయితే రెండుసార్లు చూసుకోండి.

7. చీటీలు వేయండి. అందరూ వదిలేసే మెట్టు ఇది. కూటమి రోజుల్లో భూకంపాలు ఉన్నాయా లేవా అని మాత్రమే చూస్తే చాలదు. మామూలు రోజుల్లో ఎన్ని ఉన్నాయో తెలియాలి. పన్నెండు చీటీల మీద నెలలు, ముప్పై ఒక్క చీటీల మీద తారీకులు రాసి వేరువేరుగా కలపండి. పిల్లాడి చేత తీయించి, గడిచిన అయిదారేళ్ల నుంచి కూటమి తేదీలు ఎన్ని ఉన్నాయో అన్ని మామూలు తేదీలు ఏరండి. ఫిబ్రవరి 30 లాంటిది వస్తే వదిలేసి మళ్లీ తీయండి. వాటికీ అదే ఏడు రోజుల నియమం, అదే పరిమాణం.

8. లెక్కించే మనిషికి ఏది కూటమి తేదీయో చెప్పకండి. తేదీలన్నీ ఒకే కాగితం మీద కలిపి రాసి ఇవ్వండి. ఒక్కోదానికీ "ఉంది", "లేదు" అని రాయమనండి. రెండు జాబితాలు విడదీయడం ఆ తర్వాత. ఎంత నిజాయితీపరులమైనా మనకి కావలసిన జవాబు వైపు కన్ను లాగుతుంది.

9. ఒకదాని వెంట వచ్చినవాటిని ఒకటిగా లెక్కించండి. తుర్కియేలో 7.8 వచ్చిన తొమ్మిది గంటలకి 7.5 వచ్చింది. రెండూ ఒకే ఘటన కింద పోతాయి. లేకపోతే ఒక్క రోజు వల్ల మీ లెక్క ఉబ్బిపోతుంది.

వచ్చిన ఫలితాన్ని ఎలా చదవాలి

ముందు ఈ అంకెలు నోటుబుక్కు అట్ట లోపల రాసి పెట్టుకోండి. ప్రపంచం మొత్తంలో ఏడాదికి 7 దాటినవి సగటున 15 దాకా వస్తాయి. 6 నుంచి 7 మధ్య వచ్చేవి వందకు పైగానే. 8 దాటింది ఏడాదికి సుమారుగా ఒకటి.

15ని 52 వారాలకు పంచితే, ఏ వారం తీసుకున్నా అందులో 7 దాటిన భూకంపం ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. గ్రహాలతో పని లేదు, చీటీ వేసి తీసిన వారానికైనా అంతే. అంటే నాలుగు కూటముల్లో ఒకదానికి ఊరికే "నిజమైపోతుంది". ఇక 6 దాటితే చాలన్న మెసేజ్ అయితే చెప్పనక్కర్లేదు. రెండు మూడు రోజులకొకటి ఎక్కడో సముద్రంలో వస్తూనే ఉంటుంది. "వారంలో 6 దాటిన భూకంపం వస్తుంది" అని నేనూ మీరూ కూడా ప్రతి సోమవారం చెప్పొచ్చు, దాదాపు ఎప్పుడూ తప్పు పోము.

కాబట్టి మీ కూటమి తేదీల జాబితాలో వచ్చిన "ఉంది"లు చీటీల జాబితాలోవాటికి దగ్గరగా ఉంటే కూటమికి ఏ బలమూ లేనట్టు. ఇరవై తేదీల్లో ఒకవైపు అయిదు, ఒకవైపు ఏడు వస్తే అది తేడా కాదు. చీటీలు కలిపి మళ్లీ తీయండి, ఆ అంకెలే అటూ ఇటూ మారతాయి. ఎన్నిసార్లు తీసినా కూటమి వైపు రెండింతలు, మూడింతలు వస్తూ ఉంటే అప్పుడు ఆలోచించాలి, ఇంకా పాత ఏళ్లలోకి వెళ్లి చూడాలి.

ఒకటి చేసి చూద్దాం: పౌర్ణమి, అమావాస్య

"పెద్దవన్నీ పౌర్ణమికో అమావాస్యకో వచ్చాయి" అన్నది నేను తరచూ వినే మాట. వినగానే కొట్టేయకూడదు, ఎందుకంటే కొన్ని నిజంగా అలాగే వచ్చాయి. నియమం: తిథికి అటు మూడు, ఇటు మూడు రోజులు.

- లాతూరు, 1993 సెప్టెంబర్ 30: పౌర్ణమి. ఉంది.
- భుజ్, 2001 జనవరి 26: అమావాస్య దాటి రెండు రోజులు. ఉంది.
- సుమత్రా, సునామీ తెచ్చింది, 2004 డిసెంబర్ 26: పౌర్ణమి. ఉంది.
- కశ్మీర్, 2005 అక్టోబర్ 8: అమావాస్య దాటి అయిదు రోజులు. లేదు.
- జపాన్, 2011 మార్చి 11: అమావాస్య దాటి వారం. లేదు.
- బంగాళాఖాతం, 2014 మే 21: బహుళ పక్షంలో సగం. లేదు.
- నేపాల్, 2015 ఏప్రిల్ 25: శుక్ల పక్షంలో సగం. లేదు.
- తుర్కియే, 2023 ఫిబ్రవరి 6: పౌర్ణమి మర్నాడు. ఉంది.
- ములుగు, 2024 డిసెంబర్ 4: అమావాస్య దాటి మూడు రోజులు. ఉంది.
- మయన్మార్, 2025 మార్చి 28: అమావాస్య ముందు రోజు. ఉంది.

పదింటిలో ఆరు. గ్రూపులో పెడితే అందరూ నమ్మేస్తారు. ఇప్పుడు రోజులు లెక్కపెట్టండి. పౌర్ణమి చుట్టూ ఏడు, అమావాస్య చుట్టూ ఏడు, మొత్తం పద్నాలుగు. చాంద్రమాసం ఇరవై తొమ్మిదిన్నర రోజులు. అంటే నెలలో దాదాపు సగం రోజులు "పౌర్ణమి, అమావాస్యల దగ్గరివే". ఏ సంబంధమూ లేకపోయినా పదింటిలో నాలుగైదు అందులో పడాల్సిందే. రూపాయి బిళ్లని పదిసార్లు ఎగరేస్తే ఆరుసార్లు బొమ్మ పడటం ఎంత వింతో ఇదీ అంతే.

దీంట్లో ఇంకో లోపం ఉంది, అది ముఖ్యం. ఈ పదీ నేను జ్ఞాపకం నుంచి ఏరినవి. మనకి తెలిసినవి, మన వాళ్లు పోయినవి, టీవీలో చూసినవి. ఏరిన జాబితాతో దేన్నైనా నిరూపించవచ్చు. అటూ ఇటూ ఒక్క రోజుకి గడువు తగ్గించి "చూశారా, అయినా నాలుగు ఉన్నాయి" అని ఇంకెవరైనా అనొచ్చు. అది చూశాక గీసిన గీత. అందుకే అయిదో మెట్టులో చెప్పిన పూర్తి జాబితానే వాడండి. 8 దాటిన రెండు వందల పైచిలుకు భూకంపాలను, నాలుగు శతాబ్దాలవి, చంద్రుడి కళలతో పోల్చి 2018లో సుసాన్ హఫ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఒక వ్యాసం అచ్చువేసింది. శీర్షికలోనే ఏవైనా ప్రత్యేక రోజుల్లో వస్తాయా అని అడిగింది. సారాంశం అని ఉండాల్సిన చోట ఒకే మాట ఉంది: "లేదు."

చంద్రుడికి అసలేమీ సంబంధం లేదా అంటే, అలా కూడా అనలేం. చంద్రుడు, సూర్యుడు కలిసి కళింగపట్నం దగ్గర సముద్రాన్ని పోటు పెట్టించినట్టే నేలని కూడా కాస్త లాగుతారు. ఆ లాగుడు ఎక్కువగా ఉన్న రోజుల్లో, అప్పటికే జారడానికి సిద్ధంగా ఉన్న పొరలు కొంచెం ఎక్కువగా జారుతున్నట్టు జపాన్ పరిశోధకులు 2016లో చూపించారు. ఆ "కొంచెం" ఎంత చిన్నదంటే దాన్ని పట్టుకుని ఏ ఊరికీ ఏ తేదీ చెప్పలేం. ఇక గ్రహాల సంగతి: శుక్రుడు భూమికి అతి దగ్గరగా వచ్చినప్పుడు కూడా పోటు పెట్టించడంలో అతని లాగుడు చంద్రుడిదాంట్లో సుమారు ఇరవై వేలో వంతు. గురువుది లక్షో వంతు కూడా ఉండదు. అన్నీ ఒకే వైపు నిలబడినా చంద్రుడు రోజూ చేసే పని ముందు లెక్కలోకి రాదు. సిద్ధాంతం ఇంతకు మించి అక్కర్లేదు.

ఎక్కువమంది చేసే తప్పులు

తగిలినవే రాసుకోవడం. అన్నింటికన్నా పెద్దది ఇదే. 2025 మార్చి చివర మీనంలో ఆరు గ్రహాలు చేరాయి, మార్చి 28న మయన్మార్‌లో 7.7 వచ్చింది, 30న ఉగాది. ఆ వారం నాకు వచ్చినన్ని మెసేజ్‌లు ఎప్పుడూ రాలేదు. మరి 2019 డిసెంబర్ 26న ధనుస్సులో కూడా ఆరు చేరాయి, పైగా అదే రోజు సూర్యగ్రహణం. ఆ నెల మొత్తంలో 7 దాటిన భూకంపం ప్రపంచంలో ఒక్కటీ లేదు. ఆ సంగతి ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. 1962 ఫిబ్రవరిలో మకరంలో ఎనిమిది చేరిన అష్టగ్రహ కూటమి సంగతి మీ ఇంట్లో ఎనభై దాటిన వాళ్లుంటే అడగండి. ప్రళయం వస్తుందని దేశమంతా హోమాలు చేశారు, ఏమీ రాలేదు. 1982 మార్చిలో గ్రహాలన్నీ సూర్యుడికి ఒకే వైపు వచ్చినప్పుడు కాలిఫోర్నియా కూలిపోతుందని అక్కడి వాళ్లు భయపడ్డారు. ఇవన్నీ మీ నోటుబుక్కులో "లేదు" గడిలోకి వెళ్లాలి.

ముందూ వెనకా చూడకపోవడం. మయన్మార్ భూకంపం మన గడియారంలో 28వ తేదీ పగలు పన్నెండుకి పది నిమిషాల ముందు. దృక్ పంచాంగం (ఆకాశంలో గ్రహాలు నిజంగా కనబడే చోటుకి సరిపోయేలా లెక్కగట్టేది) ప్రకారం చంద్రుడు మీనంలోకి వచ్చింది ఆ సాయంత్రం, శని వచ్చింది 29 రాత్రి. అంటే నేల కదిలేసరికి ఆ ఆరు గ్రహాల కూటమి ఇంకా ఏర్పడనే లేదు. "దగ్గరలో ఉంటే చాలు కదా" అంటారు. సరే, ఎంత దగ్గర? ఆ అంకె నాలుగో మెట్టులో ముందే రాశారా?

రెండు పంచాంగాలు కలిపేయడం. పాత సూత్రాలతో చేసే వాక్య గణితానికీ దృక్ గణితానికీ గ్రహాలు రాశి మారే సమయాల్లో తేడా ఉంటుంది. ఒకటి ఎంచుకుని చివరిదాకా దానితోనే చేయండి. భూకంపానికి ఏది కలిస్తే దాన్ని వాడటం మొదలుపెడితే పరీక్ష చెడినట్టే.

చిన్నవాటిని లెక్కలోకి లాగడం. 4 దాటినవి ప్రపంచంలో రోజుకి పదుల సంఖ్యలో వస్తాయి. మెసేజ్‌లో "భారీ" అని ఉంటే 4.3ని చూపించి నిజమైందంటే ఒప్పుకోకండి.

యాప్‌ల రంగులు చూసి భయపడటం. మ్యాప్ మీద ఎర్ర చుక్కలు కనబడితే లోకమంతా ఊగిపోతున్నట్టు ఉంటుంది. ఫిల్టర్ 2.5 దగ్గర ఉందేమో చూడండి. 6కి పెంచితే చుక్కలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగులుతాయి.

ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే

వాదించకండి. అరసవిల్లి వెళ్లి సూర్యనారాయణస్వామికి దండం పెట్టుకుని వస్తామంటే వెళ్లి రమ్మనండి, తోడు కూడా వెళ్లండి. నవగ్రహాలకు ప్రదక్షిణ చేయడం వేరు, ఫోన్లో ఎవరో పెట్టిన తేదీకి భయపడి చలిలో ముసలమ్మని ఆరుబయట పడుకోబెట్టడం వేరు. డబ్బు అడిగే మెసేజ్ అయితే, శాంతి చేయిస్తాం, యంత్రం పంపిస్తాం అంటే, అక్కడ మాత్రం గట్టిగా ఆపండి. నోటుబుక్కు వాళ్ల చేతికే ఇచ్చి చీటీలు వాళ్ల చేతే తీయించండి. మా అమ్మగారి వయసు వాళ్లు తిథులు నాకన్నా బాగా చెబుతారు. పంచాంగం చదవడం వాళ్ల పని, జాబితా చూడటం మీ పని అని పంచుకుంటే పరీక్ష త్వరగా అవుతుంది, అనుమానమూ మిగలదు.

బళ్లో చేయించాలనుకునే టీచర్లు తొమ్మిదో తరగతికి ఇస్తే సరిపోతుంది. ఒక్కో పిల్లకి ఒక సంవత్సరం పంచండి. నియమం మాత్రం బోర్డు మీద రాసి అందరికీ ఒకటే ఉంచండి.

నిజంగా నేల కదిలితే

ఇది కూటమి తేదీకి సంబంధించింది కాదు, ఏ రోజైనా కావలసింది. మన రెండు జిల్లాలూ 2016 నాటి జాతీయ ప్రమాణాల మ్యాప్‌లో రెండో జోన్‌లో, అంటే తక్కువ ముప్పు ఉన్న చోట ఉన్నాయి. తక్కువ అంటే సున్నా కాదు. 1917 ఏప్రిల్‌లో విజయనగరం దగ్గర 5.5 పరిమాణంతో వచ్చినట్టు రికార్డుల్లో ఉంది. 2014 మే 21 రాత్రి బంగాళాఖాతంలో 6 పరిమాణంతో వచ్చినప్పుడు మన తీరమంతా ఊగింది.

ఈ వారమే చేయగలిగిన పనులు: బీరువాని, పుస్తకాల అలమరని గోడకి బిగించండి. మంచం తల వైపు గోడ మీద బరువైన ఫొటో ఫ్రేములు తీసేయండి. గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ ఎలా కట్టేయాలో ఇంట్లో అందరికీ నేర్పండి. కొత్తగా ఇల్లు కడుతుంటే పిల్లర్ల ఇనుము సంగతి మేస్త్రికి వదిలేయకుండా ఇంజినీరుకి ఒకసారి చూపించండి.

ఊగుతున్నప్పుడు మెట్ల వైపు పరుగెత్తొద్దు. గట్టి బల్ల కింద దూరి, తల కాచుకుని, బల్ల కాలు పట్టుకోండి. ఆగాక బయటికి రండి, గోడలకీ కరెంటు తీగలకీ దూరంగా నిలబడండి. బారువ, భావనపాడు, కళింగపట్నం లాంటి తీర గ్రామాల వాళ్లు చాలాసేపు గట్టిగా ఊగినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయినా మెసేజ్ కోసం చూడకుండా ఎత్తైన చోటికి వెళ్లిపోవాలి. సునామీ హెచ్చరికలు హైదరాబాద్‌లో ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ నుంచి వస్తాయి, వాటిని కలెక్టరేట్ ద్వారా ఊళ్లకి చేరవేస్తారు. తిరిగి వెళ్లొచ్చన్న మాట కూడా అధికారుల నుంచి వచ్చాకే కదలండి.

అంతా సర్దుకున్నాక యూఎస్‌జీఎస్ పేజీలో ఆ భూకంపం మీద నొక్కితే మీకు తెలిసిందా అని అడిగే ఫారం ఉంటుంది. ఏ ఊళ్లో ఉన్నారు, ఏ అంతస్తులో ఉన్నారు, గిన్నెలు మోగాయా, గోడ బీటలు వారిందా అన్నది నింపి పంపండి. ఎక్కడ ఎంత ఊగిందో మ్యాప్ గీసేటప్పుడు అవి పనికొస్తాయి.